తీగ మార్చిన తీరునా?

లక్ష రూపాయలకు తక్కువ కాకుండ వెచ్చించి, నిక్షేపమువంటి గోడలు తొలిపించి, పీవోపీ సీలింగునకు రంధ్రములు పొడిపించి, గృహప్రవేశమునకు పిలిచినంతమందిని పిలిచి, ఇంటిలో హోమ్ థియేటరును ప్రతిష్ఠించుకొనిన గృహస్థునకు మొదటి ఆదివారము రాత్రియే తెలియవచ్చు సత్యమేమనగా, తెరమీది నాయకుడు తుపాకి పేల్చినప్పుడు క్రింది అంతస్తువారు ఉలికిపడి లేచుచున్నారు గాని, అదే నాయకుడు నాయికతో ఏకాంతమున పలికిన పలుకులు ఎదుటి సోఫాలో కూర్చున్నవారికి వినబడుట లేదనియే. మాటలు వచ్చినప్పుడు ధ్వని పెంచుచు, ప్రేలుళ్ళు వచ్చినప్పుడు తగ్గించుచు, సగము సినిమా రిమోటు బొత్తాముల మీదనే గడపిన పిదప ఆయన సలహా కొరకు బయలుదేరును. ఈ దేశమున ధర్మసందేహములు తీర్చువారు తగ్గినారేమో గాని, ధ్వనిసందేహములు తీర్చువారికి కొదువ లేదు. కోఠి గుజరాతీ గల్లీలో నిలుచుండి ఒక్కసారి నిట్టూర్చిన చాలును, నలుగురు నాలుగు దిక్కులనుండి వచ్చి కారణము చెప్పెదరు. ఆ కారణములు వేరైనను వానియందు ఏకవాక్యత యొకటి కలదు: లోపమెక్కడనున్నను దాని నివారణము మాత్రము దుకాణముననే యుండవలెను. ఊరక దొరకు నివారణము ఆ శాస్త్రమున నిషిద్ధము.

వీరిలో ప్రథమగణ్యులు వాట్ల ఉపాసకులు. వీరి సంప్రదాయము ప్రాచీనమైనది. 1990ల దశకమున మన బజారులలో, చంకలో ఇమిడిపోవు ప్లాస్టిక్ టేప్‌రికార్డరు అట్టపెట్టెపై వేలకొలది వాట్ల ‘పీఎంపీఓ’ అని బంగారురంగు అక్షరములతో అచ్చువేసి అమ్మిన కాలము మనలో అనేకులకు జ్ఞాపకముండకపోదు. అదే యంత్రమును వెనుకకు త్రిప్పి చూచిన, చీమలబారువంటి అక్షరములతో, అది గోడ ప్లగ్గునుండి గ్రహించు విద్యుత్తు ఇన్ని పదుల వాట్లు మాత్రమే యని సత్యము వ్రాయబడి యుండెడిది. పదులు పుచ్చుకొని వేలు ఇచ్చు దాతృత్వము కర్ణునకు సయితము సాధ్యము కానిది; కాని కొనువాడు పెట్టె ముందరి భాగము చదివి డబ్బిచ్చును గనుక వెనుకభాగమున సత్యము చెప్పుటవలన వర్తకమునకు హాని లేకపోయెను. ఇప్పుడా నాలుగక్షరములు కొంత వెనుకకు తగ్గినవి, ఉపాసన తగ్గలేదు. “యాభై వాట్లు ఎక్కడ సరిపోతయి సార్, వందది తీసుకోండి” అని సెలవిచ్చు మహానుభావుడు, వాట్లు రెట్టింపైనప్పుడు పెరుగునది మూడు డెసిబెల్‌లే యనియు, చెవికి ధ్వని రెండింతలుగా తోచుటకు శక్తి పదింతలు కావలయుననియు చెప్పడు. అంతకంటె విచిత్రమేమనగా, క్రింది యింటివారి నిద్ర చెరచిన యాంప్లిఫయరునకే శక్తి చాలలేదనుట.

ద్వితీయగణ్యులు తీగల భక్తులు. వీరి మహిమ వేరు. మాట వినబడకున్న తీగ. గంభీరనాదము మ్రోగకున్న తీగ. మ్రోగినచో, అది ‘బిగువుగా’ లేదు గనుక మరల తీగయే. ఆక్సిజన్ లేని రాగి యందురు, వెండి పూత యందురు, బంగారు మొనలందురు, విద్యుత్తు ఏ దిశగా ప్రవహింపవలెనో తీగమీద బాణపు గుర్తు వేసి చూపెదరు. స్పీకరునకు పోవు విద్యుత్తు సెకండునకు వందలసార్లు, వేలసార్లు అటునిటు తిరుగునదే గనుక ఆ బాణము దానికి ఎట్లు దారి చూపునో వారికే తెలియవలెను. ఆక్సిజన్ తీసిన రాగికి మామూలు విద్యుత్తు రాగికంటె వాహకత్వము ఒక శాతమునకు మించి హెచ్చు కాదు. సామాన్యమైన 16 గేజి రాగితీగను పది మీటర్ల దూరము లాగితిమనుకొందము. పోవుటకును వచ్చుటకును కలిపి దాని నిరోధము సుమారు పావు ఓము. ఎనిమిది ఓముల స్పీకరు ముందర దానివలన కలుగు నష్టము డెసిబెల్‌లో మూడవవంతుకూడ లేదు. ఒక్క డెసిబెల్ భేదమును గుర్తించుటకే సామాన్యశ్రోత చెవి రిక్కింపవలసి యుండును. ఈ లెక్కను పదవ తరగతి బాలుడు వేయగలడు. అందుచేతనే కాబోలు, దుకాణములలో ఈ లెక్క ఎవ్వరును వేయరు.

హెచ్‌డీఎంఐ తీగ విషయమున ఈ భక్తి పరాకాష్ఠ నందినది. అందు ప్రవహించునవి అంకెలు. అంకెలు చేరినచో చేరును, చేరకున్న తెరమీద చుక్కలు మెరయును, లేదా బొమ్మయు శబ్దమును తెగిపోవును. అంతే గాని, చేరిన అంకెలు ఖరీదైన తీగలో వచ్చినందున మాధుర్యము పొందుట లేదు. అట్లు పొందునదే యైనచో, బ్యాంకువారు మంచి తీగ వేయించినయెడల మన ఖాతాలో నిల్వకూడ తీయబడవలసినదే. 2007లో అమెరికాలో జేమ్స్ రాండీ యను ఐంద్రజాలికుడు, 7,250 డాలర్ల వెలగల స్పీకరు తీగలకును సామాన్యమైన తీగలకును గల భేదమును, ఏది యేదో ముందుగా తెలియనీయక జరుపు పరీక్షలో చెవితో విని చెప్పగలవానికి పది లక్షల డాలర్లిత్తునని ప్రకటించెను. ఆ తీగ ఖరీదునకు నూటికి మించిన రెట్లు దొరకు బహుమానమది. ప్రతిదినము ప్రతి ఇంటిలో ఆ భేదమును విని తరించుచున్నామను ఇందరు భక్తులుండగా ఆ సొమ్ము నేటివరకు ఎవ్వరికిని ముట్టలేదు. బహుశః నిరపేక్షులు కావచ్చును.

వినుట యనునది చెవితో మాత్రమే జరుగు పని కాదని 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్ అను ధ్వనిశాస్త్రజ్ఞులు పరీక్షచేసి చూపిరి. స్పీకర్లను చూచుచు విన్నప్పుడు శ్రోతలు పెద్దవానికి, ఖరీదైనవానికి మార్కులు పెంచిరి, చవుకైన చిన్నదానికి తగ్గించిరి. అవే స్పీకర్లను తెరచాటున నుంచి వినిపింపగా ఆ అంతరము చాలవరకు మాయమయ్యెను. కావున తీగ మార్చిన మరునాడు ధ్వని బాగుపడినదని గృహస్థుడు చెప్పునది అబద్ధము కాదు. ఆయనకు నిజముగనే బాగుపడినది. బిల్లు కనబడుచున్నంతకాలము బాగుగనే యుండును.

మూడవవారు కాలవాదులు. వీరు ఏమియు అమ్మరు, గడువు అడిగెదరు. “కొత్త స్పీకర్లు కదా సార్, రెండొందల గంటలు నడవనీయండి, అప్పుడు ఓపెన్ అయితయి” అందురు. దినమునకు మూడు గంటలు సినిమా చూచు నిష్ఠాపరునకు సయితము రెండువందల గంటలు రెండు నెలలు దాటును. ఆన్‌లైనులో కొనిన వస్తువును తిరిగి పంపుటకు సామాన్యముగ గల గడువు వారము, పది దినములు. ఈ రెండు అంకెలకు గల అనుబంధము కేవలము యాదృచ్ఛికమని నమ్ముటయే మర్యాద.

ఇక, నిజముగ నేమి జరిగినదో చూడవలెనన్న ఆ గదిలోనికి పోవలెను. ఈ ముగ్గురును చేయని పని అదియే. ఐదు స్పీకర్లును, 120 హెర్ట్జ్‌లకు లోబడిన గంభీరనాదమునకే ప్రత్యేకింపబడిన మార్గమును కలిపి ఈ వ్యవస్థను ఐదు పాయింటు ఒకటి యందురు. మాటలలో అధికభాగము పలుకునది నడిమి స్పీకరు. దానిని మన వడ్రంగి తయారుచేసిన టీవీ యూనిట్‌లో, అద్దపు తలుపు గల అరలోపల, వెండి వినాయకునికి వెనుకగా నెట్టి, తలుపు మూసి, తరువాత మాట వినబడుట లేదని విచారించుచున్నాము. వెనుక స్పీకర్లు సీలింగు అంచున, ఫ్యాను రెక్కలకు గురిపెట్టి బిగింపబడినవి. సబ్‌వూఫరు మూలనున్నది, ఏలయనగా అక్కడ ఖాళీ యున్నది.

వైరింగు కథ ఇంకను రమ్యము. ఇల్లు కట్టునప్పుడే కన్సీల్డ్ పైపులలో తీగలు లాగిన ఎలక్ట్రీషియను, ఫ్యాన్లకు వేయగా మిగిలిన పసుపు తీగ చుట్ట ఉండుట చూచి, ఎఱుపు నలుపుల పట్టింపు లేక రెండు పోగులును పసుపువే లాగెను. బిగించుటకు వచ్చిన కుఱ్ఱవాడు ఎఱ్ఱ క్లిప్పులో దేనిని గ్రుచ్చవలెనని ఒక్క నిమేషము తలయెత్తి చూచి, చేతికి దగ్గరగా నున్నదానిని గ్రుచ్చెను. కుడివైపున సరిపోయినది, ఎడమవైపున తారుమారైనది. ఫలితముగ కుడి స్పీకరు కాగితపు గిన్నె ముందునకు వచ్చినప్పుడెల్ల ఎడమదానిది వెనుకకు పోవుచు, గంభీరనాదమును ఒకదానికొకటి కొట్టివేసికొనుచున్నవి. దీనికి మందు గోడగడియారములోని పెన్సిల్ సెల్లు. యాంప్లిఫయరు వైపున తీగలు విప్పి, ఆ రెండు కొసలను సెల్లునకు క్షణకాలము తాకింపవలెను; లోపల గిన్నె ముందునకు గెంటిన, సెల్లు ప్లస్సునకు తాకిన పోగే ఎఱ్ఱ క్లిప్పునకు పోవలసినది. గడియారము రెండు నిమేషములు ఆగును, అంతే వ్యయము. కాని ఆ కుఱ్ఱవాడు స్పీకరువంక చూడకయే నిర్ణయము చేసెను:

“కేబుల్ ప్రాబ్లమ్ అంకుల్. ఇది లోకల్ వైరు. ఇంపోర్టెడ్ వేపిస్తే బేస్ ఎట్ల కొడ్తదో మీరే చూస్తరు.”

“గోడ పగలగొట్టాలా బాబూ?”

“కొంచెమే అంకుల్.”

ఇట్టి ఇండ్లలో టీవీ సెట్టింగులను తెరచి చూచినచో, శబ్దము వెలువడు పద్ధతి ‘పీసీఎం’ అని యుండుట తఱచు. చాలమట్టుకు టీవీలలో అట్లున్న, సినిమాలో ఐదు మార్గములున్నను బయటికి వచ్చునవి రెండే. పంచపాండవులెందరనిన మంచపుకోళ్ళవలె ముగ్గురని రెండు వ్రేళ్ళు చూపిన వాని లెక్కకును దీనికిని భేదము లేదు. ‘బిట్‌స్ట్రీమ్’ అనునదానిని ఎంచిన తక్కినవి మేల్కొనును. దీనికి రిమోటుపై నాలుగు నొక్కులు చాలును; నడిమి స్పీకరును రెండు మూడు డెసిబెల్‌లు పెంచుటకు మరి నాలుగు. వెనుక స్పీకర్లు పలుకుట లేదని ఫిర్యాదు చేయు పెద్దలలో కొందరు మాత్రము 1951 నాటి పాతాళభైరవిని పెట్టుకొని చేయుచున్నారు. ఎస్వీ రంగారావుగారి కంఠము నాడు ఒకే మార్గమున ముద్రితమైనది. ఆయన మాంత్రికుడే యైనను, వెనుకనుండి వచ్చి భయపెట్టుట ఆ పరికరముల పరిధిలో లేదు. ఆ స్పీకర్లకు రోగము లేదు, పని లేదు.

ఈ తప్పులన్నియు దిద్దినను గది మిగిలియుండును. ఫ్లాటులో మూడవ పడకగది, పండ్రెండడుగుల చతురస్రము, క్రింద అద్దమువలె మెరయు విట్రిఫైడ్ టైల్సు, ప్రక్క నిలువెత్తు గాజు కిటికీ. పండ్రెండడుగుల దూరమున ఎదురెదురు గోడల నడుమ 47 హెర్ట్జ్‌ల నాదము నిలిచి ఊగును. నిడివియు వెడల్పును సమానము గనుక రెండు దిక్కులనుండియు అదే నాదము ఉబ్బును. సోఫాను వెనుక గోడకు ఆనించి వేయుదుము, ఆ ఉబ్బు అత్యధికముగ నుండు స్థలము అదియే. ఒక ప్రేలుడు సద్దుమణగకముందే తరువాతి సంభాషణ మొదలై దానిలో మునిగిపోవును.

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమువారి ఫాగ్ మ్యూజియమున నూతనముగ కట్టిన ఉపన్యాసశాలలో ఆచార్యుడు పలికిన మాట ఐదున్నర సెకండ్లపాటు గాలిలో నిలిచి, వెంటవచ్చు మాటలను మ్రింగివేయుచుండగా, దానిని బాగుచేయుమని వాలస్ సేబిన్ అను యువ ఉపాధ్యాయుని నియోగించిరి. ఆ కాలమున కొనదగిన యాంప్లిఫయరులు లేవు గనుక ఆయన ఆలోచింపవలసి వచ్చెను. రాత్రులయందు ప్రక్కనున్న సాండర్స్ నాటకశాలనుండి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, శాలలో కొన్ని కొన్నిగా పరచుచు, ఆర్గన్ గొట్టము నూది, నాదము ఎంతసేపటికి అణగునో గడియారముతో కొలిచి, తెల్లవారకముందే మెత్తలను తిరిగి చేరవేయించెడివాడు. భవన ధ్వనిశాస్త్రమునకు పునాది ఆ మెత్తలే. ఆ లెక్కలతో నిర్మితమైన బోస్టన్ సింఫనీ హాలు 1900లో తెరువబడి నేటికిని లోకప్రసిద్ధమై యున్నది. మన యింట మెత్తలకు లోటా? అటకమీద బొంతలున్నవి, అల్లునికి తప్ప పరవని జంపఖానా యున్నది, బరువైన కర్టెన్లకు గుడ్డ యున్నది. కాని, లక్ష రూపాయల శబ్దమును అమ్మమ్మ బొంత బాగుచేసినదని స్నేహితులకు చెప్పుకొనుట యెట్లు? జర్మనీ తీగ బాగుచేసినదన్నచో వినువాడును తలయూపును.

యాంప్లిఫయరుతో ఇచ్చిన చిన్న మైకును వినువాని చెవి యెత్తున నిలిపి, గది నిశ్శబ్దముగ నుంచిన, యంత్రమే దూరములను, హెచ్చుతగ్గులను కొలిచి సర్దుకొను సదుపాయము నేడు సామాన్యమైనది. మన యిండ్లలో ఆ పరీక్ష ఫ్యాను తిరుగుచుండగా, వంటింటిలో కుక్కరు మూడవ కూత వేయుచుండగా, కుఱ్ఱవాడు ఆ మైకును జేబులో నుంచుకొని ఫోనులో మాటలాడుచుండగా జరుగును. యంత్రము ఆ సమస్తమును గది లక్షణముగ నెంచి, దానికి తగినట్లు సర్దుకొనును.

న్యాయము చెప్పవలసినచో, దోషమంతయు గృహస్థుని గదిది కాదు. సంభాషణమీద నేపథ్యసంగీతమును కుమ్మరించి, అది మాటలనణచిన కొలది సన్నివేశము ‘ఎలివేట్’ ఐనదని సంతోషించు దర్శకులకు పెన్సిల్ సెల్లు పనిచేయదు.

ఇంతకును గృహస్థుడు మార్గము కనుగొనియే యున్నాడు. తెలుగువాడు, తెలుగింట, తెలుగు సినిమాకు క్రింద ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు పెట్టుకొని, చదువుకొని, నవ్వవలసినచోట ఒక క్షణము ఆలస్యముగ నవ్వుచున్నాడు. మొన్న సర్వీసింగునకు వచ్చిన కుఱ్ఱవాడు ఆ అక్షరములవంక తేరిపార చూచి, “ఇవి కొంచెం మసక కొడుతున్నయి అంకుల్, హెచ్‌డీఎంఐ కేబుల్ మార్పిద్దామా?” అని బ్యాగు తెరచినాడు.