బిలాతీ బావగారు

విమానములో ఒక పగలు, ఒక రాత్రి మోకాళ్ళు ముడుచుకొని కూర్చుండి, న్యూజెర్సీలోని మా అమ్మాయి యింటి గడప త్రొక్కిన ఆ రాత్రి, నాకంటె రెండు మాసములు ముందుగా అచ్చటికి జేరియున్న మా వియ్యంకుడుగారు నన్ను జూచి లేచి కౌగిలించుకొందురని, కనీసము ప్రయాణము సుఖముగా జరిగినదా యని యడుగుదురని అనుకొంటిని. వారు లేవలేదు. పెదవులపై వ్రేలుంచి, గోడనిండ నున్న టీవీనుండి చూపు మరల్పకయే, “ఉష్! చప్పుడు చెయ్యకండి బావగారూ, పాదిరీగారు పోయారు” అనిరి. తెలిసిన పాదిరీగారెవరో కాలధర్మము నొందిరి కాబోలునని నేను చెప్పులు విడిచి, తల వంచి, ఒక నిమిషము మౌనముగా నిలిచితిని. ఆ పాదిరీ ఇంగ్లండులో లేనే లేని మిడ్‌సోమర్ అను జిల్లాలో, ఎన్నడో చిత్రింపబడిన యొక నాటకములో హతుడయ్యెనని ఆ మౌనము ముగిసిన పిమ్మట గాని తెలియలేదు.

మా బావగారు తెనాలిలో జన్మించినవారు. 36 సంవత్సరములు తపాలాశాఖలో ముద్రలు కొట్టి, సంచులు కట్టి, మనియార్డరులు పంచి, హెడ్డు పోస్టుమాస్టరుగా విరమించినవారు. ఇంగ్లండు గడ్డపై వీరెన్నడును పాదము మోపలేదు. మోపవలెనను కోరికయు లేదు. “అక్కడికి వెళ్తే మనం తడుస్తాం. ఇక్కడైతే వాన టీవీలో పడుతుంది” అని వీరి వాదము. పాపము, నవలలోని బారిస్టరు పార్వతీశము ఓడయెక్కి నానా యగచాట్లు పడి సీమకు బోయెను. మా బావగారు సోఫా దిగకుండ నిత్యము పోయి వచ్చుచున్నారు. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని యెవరైన పొగడినచో వీరికి గిట్టదు. ఆ బిరుదిచ్చినవాడు చిరునామా తప్పు వ్రాసెననియు, అట్టి జాబులను తిరుగుటపాలో పంపివేయవలసినదనియు వీరి యభిప్రాయము.

వీరి వంటివారు ఈ దేశమున నొక్కరిద్దరు కారు. గాల్స్‌వర్దీ నవలలను బట్టి బి.బి.సి. వారు తీసిన ఫోర్సైట్ సాగా యను 26 భాగముల నాటకము 1969లో అట్లాంటిక్కు దాటి వచ్చినప్పుడే ఈ భక్తికి బీజము పడినది. 1971 జనవరి 10వ తేదీన మాస్టర్‌పీస్ థియేటర్ అను శీర్షిక ఆరంభము కాగా గుడియే కట్టినట్లయ్యెను. సీమలో బుట్టి అమెరికా పౌరుడైన అలిస్టెర్ కుక్ అను పెద్దమనిషి కుర్చీలో తీరుబడిగా కూర్చుండి, పురాణము చెప్పు శాస్త్రులవారివలె కథకు ముందు పీఠికయు, కథకు పిదప ఫలశ్రుతియు 1992 వరకు చెప్పుచు వచ్చెను. గుడి యున్నచోట హుండీ యుండవలెను గదా! ఈ శీర్షికను ప్రసారము చేయు ప్రజా టీవీ కేంద్రములవారు ఏటికి కొన్ని దినములు కథ నడుమ నిలిపి, ప్రేక్షకులను చందాలు వేడుకొందురు. ఇచ్చినవారికి ప్రసాదముగ నొక గుడ్డసంచియో, పింగాణి కప్పో వచ్చును. పక్కింటి దొరసాని, విశ్రాంతి గైకొన్న గ్రంథాలయాధికారిణి, అట్టి సంచులను ఏడింటిని గడించి చిలుకకొయ్యకు వ్రేలాడదీసికొన్నది. మా బావగారికి ఒక్కటియే గలదు. అందులో కరివేపాకు, పచ్చిమిరపకాయలు తెచ్చుకొందురు.

ఈ భక్తునకు మొట్టమొదట మారునది భాష. అమెరికనులు సీజన్ అనుదానిని వీరు సిరీస్ అందురు. ఎవరైన సీజన్ అన్నచో, మడి కట్టుకొన్నవారు మైల సోకినట్లు, ఒక యడుగు వెనుకకు జరుగుదురు. ఆరు భాగములతో కథ ముగించు సీమవారి మితభాషిత్వమును వీరు వేనోళ్ళ పొగడుదురు; మన సీరియలులో అత్తగారు కాఫీగ్లాసెత్తి పెదవికి జేర్చునంతలో అచ్చట ఇద్దరు చచ్చి, ముగ్గురు పట్టుబడి, ఒకరు ఉరిదాకా పోదురట. నార్తంబర్లాండు ప్రాంతపు యాస సీమవారికే కొరకరాని కొయ్య యని ప్రతీతి, అయినను వీరు తెరక్రింద అక్షరములు వేసికొనుట పరువు తక్కువగా నెంచి, వానిని తీసివేయించి, పిదప మనుమని చెవిలో “ఏమన్నాడ్రా?” అని రహస్యముగా నడుగుదురు. వేరా యను నాటకములో బ్రెండా బ్లెథిన్ ధరించిన డిటెక్టివు పాత్ర కనిపించినవారినెల్ల ‘పెట్’ అని ముద్దుగా బిలుచును. ఒకనాడు బావగారు అంగడిలో బిల్లు వేయుచున్న పిల్లను అదే ప్రేమతో అట్లే పిలువగా, ఆ పిల్ల తలయెత్తకయే, కుక్కలకు పిల్లులకు మేత పదునాలుగవ వరుసలో నున్నదని చెప్పినది.

వీరి భక్తికి ప్రత్యక్ష నిదర్శనముగ నొక దస్తరము గలదు. ఎఱ్ఱయట్టగల పొడుగాటి పద్దుపుస్తకము. తెనాలినుండి పెట్టెలో తెచ్చుకొన్నది. స్కేలుతో గీతలు గీచి, తేది, మృతుని పేరు, ఆయుధము, హంతకుడు, కారణము అని అయిదు గడులు తీర్చినారు. 1997లో ఆరంభమైన మిడ్‌సోమర్ హత్యలు మొదటినుండియు ఇందులో నెక్కినవి. ఆయుధముల గడి చదువుచుండగా నాకు సీమవారి కల్పనాశక్తిపై గౌరవము కలిగినదని యొప్పుకొనవలెను. మనవారు గొడ్డలి, బాకు, విషము అను మూడింటితో కావ్యములు నడిపిరి. వారొకచోట బండిచక్రమంత చీజ్ దిమ్మతో నొక స్త్రీని చంపిరి. ఆ పద్దుకెదురుగ బావగారు ఎఱ్ఱసిరాతో ‘సుదర్శనము’ అని వ్రాసికొన్నారు. 2011లో బార్నబీ యను పెద్ద పోలీసధికారి విరమింపగా, ఆ యుద్యోగములోనికి ఆయన పినతండ్రి కొడుకో మేనత్త కొడుకో, అదే యింటిపేరుగలవాడు వచ్చినాడు. ఇంగ్లీషున కజిన్ అను నొక్క మాటయే గావున చుట్టరికము తేలక బావగారు నాలుగు దినములు బాధపడి, చివరకు “కరణీకం బావగారూ, వంశపారంపర్యం” అని తీర్మానించి శాంతించిరి.

ఇంతకును నిజమైన ఇంగ్లండులో వీరికొక మేనల్లుడు గలడు; బర్మింగుహాములో ఉద్యోగము. అతడు 2025 ఏప్రిలున 174 పౌనుల 50 పెన్సులైన టీవీ లైసెన్సు రుసుమును ఏటేట చెల్లించుచు, ఆ సంగతిని ప్రతి ఫోనులోను జ్ఞాపకము చేయుచు, ఆ టీవీలో బి.బి.సి.ని ముట్టుకొనక, భార్యతో గూడి కార్తీకదీపము పాతభాగములు చూచుకొనును. ఇంటివాడు పులిహోర వద్దని పొరుగింటి రొట్టె కాశపడుట లోకసహజమే యైనను, సీమలో నున్నవాడు తెలుగు సీరియలు చూచుట, తెలుగువాడు అమెరికాలో కూర్చుండి సీమ నాటకము చూచుట, ఈ రెంటికి నడుమ పంపకములో ఎచ్చటనో సంచులు తారుమారైనవని నాకు దోచును.

మునుపొకసారి యిచ్చటికి వచ్చియున్నప్పుడు ఆ మేనల్లునివలననే వీరికొక ధర్మసంకటము వాటిల్లినది. డౌంటన్ ఆబీ యను నాటకము ఐ.టి.వి.లో 2010 సెప్టెంబరున మొదలై 2015 వరకు నడచినది. హాంప్‌షైరులోని హైక్లియరు కోట దానికి రంగస్థలము. కాని అచ్చట వచ్చిన కథ అమెరికా చేరుటకు కొన్ని మాసములు పట్టెడిది. 2012 క్రిస్మసు రాత్రి సీమలో, కొడుకు పుట్టిన సంతోషముతో కారు నడుపుకొని పోవుచున్న మాథ్యూ అను నాయకుడు దారిలో మరణించెను. అది అమెరికాలో కనబడినది 2013 ఫిబ్రవరి 17వ తేదీన. నడుమ 54 దినములు. ఏమియు నెఱుగని మేనల్లుడు, తన యాఫీసులో అందఱు అదే చెప్పుకొనుచున్నారని, చావుకబురు చల్లగా ఫోనులో చెప్పివేసినాడు. నోట నువ్వుగింజ నానని మా బావగారు ఆ మరణవార్తను 54 దినములు కడుపులో దాచుకొనిరి. ఆ దినములలో పక్కింటి దొరసాని వచ్చి ఆ నాయకుని పెండ్లి ముచ్చటలు చెప్పినప్పుడెల్ల, చావుతంతి జేబులో నుంచుకొని పెండ్లివారింట భోజనము చేయుచున్న తంతిజవాను ముఖము వలె వీరి ముఖముండెడిదట. తీరా ఆ ఆదివారము గడచిన మరునాటి యుదయము ఆమె కన్నులు వాచి వచ్చి వాపోవుచుండగా, ఓదార్పుమాటలు వెదకికొనుచు వీరు, “క్రిస్మసునుంచీ నా మనసు మనసులో లేదమ్మా” అనివేసిరి. ఆమె పదునైదు దినములు వీరితో మాటలాడలేదు. వార్త దాచుట నేరమా, చెప్పుట నేరమా యని నన్నిప్పటికిని అడుగుచుందురు.

డాక్యుమెంటరీల మాట వేరు. అచ్చట వీరికి గురువు డేవిడ్ ఆటెన్‌బరో యొక్కడే. 1926లో పుట్టి, 1979లో లైఫ్ ఆన్ ఎర్త్ అను 13 భాగముల జీవపురాణము చెప్పి, తొంబదియేండ్లు దాటిన పిమ్మటను సముద్రగర్భములను గూర్చి గొంతు వినిపించిన ఆ మహానుభావుని గుసగుస బావగారికి అంటుకొన్నది. శనివారము మధ్యాహ్నము నేను కునుకు తీయుచుండగా నా చెవిలో మెల్లగా, “కదలకండి. అదుగో, మగపిల్ల. వయసు పధ్నాలుగు. గుంపునించి విడివడి, ఆహారాన్ని వెతుక్కుంటూ ఫ్రిజ్జును సమీపిస్తోంది. తల్లి ఇంకా గమనించలేదు...” అని వినబడగా ఉలికిపడి లేచితిని. మా మనుమడు చాక్లెట్టు డబ్బాతో పారిపోయినాడు. “చూశారా, మీరు కదిలి చెడగొట్టారు. వాళ్ళయితే ఈ ఒక్క దృశ్యం కోసం నెలల తరబడి పొదలో కూర్చుంటారు” అని బావగారు నన్ను మందలించిరి.

ఇట్లు వీరిని జూచి నవ్వుకొనుచుండగనే నా నవ్వునకు అడ్డుపుల్ల వేసిన యొక రాత్రి వచ్చినది. 2024 జనవరిలో సీమలో ప్రసారమైన నాలుగు భాగముల నాటకము, మిస్టర్ బేట్స్ వర్సెస్ ద పోస్టాఫీస్, మేము చూచుట తటస్థించినది. పేరులో పోస్టాఫీసు కనబడగనే బావగారు, తమ బంధువుల కథ వచ్చుచున్నదన్నట్లు, చొక్కా తొడుగుకొని వచ్చి కూర్చుండిరి. అందులో కోటలు లేవు, పాదిరీలు లేరు. పల్లెలలో చిన్న తపాలా కార్యాలయములు నడుపుకొను సామాన్యులు. వారి బల్లలపై హొరైజన్ అను కంప్యూటరు లెక్క. ఆ లెక్కలో లేని లోటును చూపు దోషము. ఒప్పందము ప్రకారము తక్కువ వచ్చిన పైకము వారే వేసికొనవలెనని పోస్టాఫీసువారి వాదము. వేయగలిగినంతకాలము వేసిరి, వేయలేనివారు దొంగలైరి. 1999కి, 2015కు నడుమ 900 మందికి పైగా నేరస్థులుగ నిర్ణయింపబడిరి. కొందఱు చెరసాలలకు బోయిరి. అది నాటకము కాదు, జరిగినది. ఒక స్త్రీ సహాయకేంద్రమువారితో ఫోనులో మాటలాడుచు, వారు చెప్పిన మీటలు నొక్కుచుండగనే, తెరమీది లోటు ఆమె కన్నులయెదుట రెండింతలైన ఘట్టము వచ్చినప్పుడు, బావగారు లేచి నిలువబడిరి.

“మీట వెయ్యకమ్మా! చిట్టాతో పోల్చి చూసుకో!” అని టీవీ నుద్దేశించి బిగ్గరగా నఱచిరి.

మా అమ్మాయి వంటయింటినుండి పరుగెత్తుకొని వచ్చినది. బావగారు కూర్చుండిరి గాని, నాలుగు భాగములును ముగియువరకు ఎవరు హంతకుడో ముందే యూహించి చెప్పుట మొదలగు తమ యలవాటులన్నియు మానివేసిరి. కడపట చెప్పిరి. ఉద్యోగములో జేరిన క్రొత్తలో, ఒక చిన్న సబాఫీసులో, దీపావళి ముందటి సాయంకాలము నగదులో 640 రూపాయలు తక్కువ వచ్చినవట. రాత్రి పదునొకండు గంటలవరకు కిరసనాయిలు దీపము ముందర కూడి, తీసివేసి, కూడి, చివరకు భార్య గాజులు కుదువబెట్టి జేబునుండి వేసిరి. తొమ్మిది దినముల తరువాత, కూడికలో తమ చేతనే జారిపోయిన యొక అంకె కాగితము మూలనుండి నవ్వుచు కనబడినది. “నా తప్పు నాకు కనపడింది బావగారూ. కాగితం అబద్ధమాడదు. వాళ్ళకి కనిపించడానికి కాగితమే లేదు” అనిరి. ఆలన్ బేట్స్ పక్షమున 555 మంది ఒక్కటియై 2019లో వ్యాజ్యమున గెలుపొందిరనియు, 2024 మే మాసమున ఆ శిక్షలను రద్దుచేయుచు చట్టమే వచ్చినదనియు మా అల్లుడు ఫోనులో చూచి చదివి వినిపింపగా, మౌనముగ తలయూచి, “టీ పెట్టమ్మా, మన టీ, అల్లం దంచి” అనిరి. అంతవరకు వీరు ఆ యింట, పాలు విడిగ పోసికొను సీమటీ తప్ప మఱియొకటి ముట్టలేదు.

మారిపోయినారనుకొంటిని. వారము తిరుగకముందే వేరొక పాదిరీగారు పోయినారు. పద్దుపుస్తకము మరల తెఱువబడినది. కాని ఇప్పుడు వీరికి క్రొత్త పట్టుదల యొకటి పుట్టినది. ఇన్నేండ్ల హత్యలకును దినవారీ పద్దునకును, సంవత్సరవారీ గోషువారాకును సరిపోల్చి చూడవలెనని. నేను తిరుగుప్రయాణమునకు పెట్టె సర్దుకొని నిద్రించుచున్న కడపటి రాత్రి, రెండుగంటల వేళ, ఎవరో నా భుజము తట్టిరి. కన్ను తెఱచితిని. కండ్లజోడు ముక్కుచివర నుంచుకొని, చంకలో ఎఱ్ఱయట్ట పుస్తకముతో, చెవికి పెన్సిలుతో బావగారు నిలిచియున్నారు.

“లేవండి బావగారూ. లెక్క కుదరడం లేదు. ఒక శవం తక్కువొస్తోంది.”

“పొద్దున చూద్దాము” అని గొణిగితిని.

“పొద్దున మీరు వెళ్ళిపోతారు, నాతో కూడేవాళ్ళెవరూ ఉండరు” అని మంచపుటంచున కూర్చుండి, దీపము వెలిగించి, పుస్తకము నా యొడిలో తెఱచిపెట్టిరి. “డబ్బయితే జేబులోంచి వేసేసి పడుకునేవాణ్ణి. శవాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చి వెయ్యమంటారు?”