పదోన్నతి మహాత్మ్యం

మన న్యాయవ్యవస్థకు మతిమరుపని ఎవరన్నారో గానీ, లక్నో సంగతి విని ఉండరు. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. లక్నో కోర్టులో నడుస్తున్న ఆ కేసు తొందరగా తేల్చాలని 2017 ఏప్రిల్ 19న, పాతికేళ్ళు కూడా నిండకుండానే, సుప్రీంకోర్టుకు గుర్తొచ్చింది. విచారణ రోజూ జరగాలి, రెండేళ్ళలో తీర్పు రావాలి, అందాకా జడ్జిగారిని కదిలించకూడదు అంది.

ఆ జడ్జి సురేంద్ర కుమార్ యాదవ్. 2018లో హైకోర్టు ఆయనకు జిల్లా జడ్జిగా బదాయూకి పదోన్నతి ఇచ్చి, ఇచ్చిన చేత్తోనే ఆపేసింది. పైవారు కదిలించవద్దన్నారు కదా! మనిషిని కదపకుండా హోదా మాత్రం పెంచవచ్చేమో అనే చిల్లర ఆలోచనలకు తావివ్వని విధేయత అది. పాపం ఆయన తన పదోన్నతి కోసం తానే సుప్రీంకోర్టులో అర్జీ పెట్టుకున్నారు. కక్షిదారు కష్టం జడ్జికి ఇంత బాగా నేర్పే శిక్షణ ఏ జ్యుడీషియల్ అకాడమీలో దొరుకుతుంది?

2019 సెప్టెంబరులో రిటైర్ కావలసినవారికి తీర్పు వచ్చేదాకా పదవీకాలం పొడిగించారు. 2020 సెప్టెంబరు 30న 32 మంది నిందితులూ నిర్దోషులని చెప్పి ఆయన దిగిపోయారు. మొదటి 49 మందిలో మిగతా 17 మంది ఏ వాయిదాకూ రానక్కర్లేని చోటికి ముందే వెళ్ళిపోయారు. రెండేళ్ళు మూడున్నరేళ్ళయ్యాయని సణగడమెందుకు? తన గడువును తానే పెంచుకోగలిగితేనే కదా సర్వోన్నత న్యాయస్థానం!

అక్కడ కేసు కోసం జడ్జిగారు ఆగారు. మన ఊళ్ళో జడ్జిగారి కోసం కేసు ఆగుతుంది. గట్టు తగాదాలో ఇరుపక్షాల వాదనలూ ముగిసి, తీర్పుకు వాయిదా పడిన వారమే పదోన్నతి ఆర్డరు దిగుతుంది. బార్ అసోసియేషన్ శాలువా కప్పుతుంది. వాది కూడా దండం పెడతాడు. అబద్ధం దగ్గర సాక్షి గుటక మింగడం చూసిన కళ్ళు జిల్లా దాటిపోతాయి. గుటకలు టైపు కావు కాబట్టి, కొత్తగా వచ్చినవారికి ఏ పక్షపాతమూ అంటదు.

చట్టం ఏర్పాట్లు చేయకపోలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం పాతవారు రికార్డు చేసిన సాక్ష్యం నుంచే కొత్తవారు కొనసాగించవచ్చు. పాతవారు రాసిపెట్టిన తీర్పు ఉంటే చదివి వినిపించాల్సిందే కూడా. రాయకుండానే వెళ్ళిపోతే మళ్ళీ వాదనలు, ప్లీడరుగారికి మళ్ళీ ఫీజు. సమ్మరీ పద్ధతిలో నడిచిన చెక్ బౌన్స్ కేసైతే ఇంకా మేలు. జడ్జి మారితే సాక్ష్యం మొదటినుంచీ తీసుకోవాలని 2011లో సుప్రీంకోర్టే చెప్పింది. తొందరగా తేలాలని పెట్టిన పద్ధతే మళ్ళీ మొదటికి తెచ్చేలా చూడడం సామాన్యమైన తెలివా?

వాదనలు విన్న కేసుల్లో తీర్పులిచ్చేదాకా ఆ పదోన్నతి ఆర్డరును నాలుగు వారాలు ఆపరాదా అని అడిగే అమాయకులుంటారు. పైనున్న కుర్చీ ఖాళీగా ఉంటే న్యాయానికి లోటు. గట్టుకేం, ఎక్కడికీ పోదు. వాది పోయినా ఇబ్బంది లేదు, వారసులను చేర్చుకోవచ్చు. దరఖాస్తు మాత్రం 90 రోజుల్లో పడాలి. పడకపోతే దావా దానంతటదే రద్దవుతుంది. గడువంటే గడువే.