నా ఫ్రెంచి రోగం

నా తెలివితక్కువతనానికి లెక్క కట్టాలంటే ఫ్లెక్సీ బిల్లు దగ్గర మొదలెట్టాలి. ఫ్రాన్సు జాతీయ పండగ జూలై 14కి, ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ కిందున్న మా యానాంలో, అడవిపొలంలో మా వీధి మొగన కట్టించాను దాన్ని. పైన నీలం, తెలుపు, ఎరుపు పట్టీలు. కుడివైపు ఫ్రెంచి సేనాని లాలీ, ఎడమవైపు చేతులు కట్టుకుని నేను. లాలీ కంటే నా బొమ్మే పెద్దది. అది ఫ్లెక్సీ కుర్రాడి తప్పు కాదు, చెప్పి చేయించుకున్నదే.

ఈ రోగం నాకు పుదుచ్చేరిలో అంటుకుంది. ఏదో పనిమీద వెళ్ళి జూలై 13 రాత్రి అక్కడ ఉండిపోయాను. ఫ్రెంచి సైన్యంలో చేసి రిటైరైన తమిళ పెద్దలు లాంతర్లు పట్టుకుని బ్యాండుతో వీధుల్లో నడిచారు. మర్నాడు పొద్దున్న బీచి రోడ్డులో యుద్ధ స్మారకం దగ్గర పతకాలు పెట్టుకుని నిలబడితే, రెండు దేశాల గీతాలూ వాయించారు. వాళ్ళకి ఆ జెండా కింద చేసిన కొలువుంది, నెలనెలా వచ్చే పింఛనుంది. మా వంశంలో ఫ్రెంచి సిపాయి కాదు గదా, ఫ్రెంచి ముక్క వచ్చినవాడే లేడు. అదేమీ నా బుర్రకి తట్టలేదు. 870 కిలోమీటర్ల అవతల ఉన్నా మనమూ ఆ గూటి పక్షులమే అనుకుని బస్సెక్కాను.

ఊరొచ్చాక మాటతీరే మారిపోయింది. కాకినాడ బస్సులో పక్కాయనతో, "మీరు బ్రిటిషోళ్ళ కిందోళ్ళండీ, మా లెక్క వేరు" అనేవాణ్ణి. పాపం, ఆయన నన్ను టిక్కెట్టు చిల్లర అడిగాడంతే.

మా మేనల్లుడు డబ్లిన్‌లో ఉంటాడు. మార్చి 17న ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని, పిల్లల బుగ్గల మీద మూడాకుల బొమ్మలు వేయించి, సెయింట్ పాట్రిక్ ఊరేగింపు చూడబోయిన ఫోటోలు పంపాడు. "ఎవడి పండగో మనం చేసుకోడమేంట్రా, సిగ్గులేదూ" అని గట్టిగా తలంటేశాను. అదే నోటితో జూలైలో మైకు పట్టుకుని లాలీ శౌర్యం గురించి మాట్లాడాను. జనం చప్పట్లు కొట్టారు. లడ్లు నా స్పీచి అయ్యాకే పంచుతామని ముందే చెప్పి ఉంచాను మరి.

ఫ్లెక్సీ ఫోటో మేనల్లుడికి పంపితే నిమిషంలో ఫోను.

"మావయ్యా, లాలీ మా వాడే!"

"మీ వాడేంట్రా?"

"వాళ్ళ నాన్న ఐర్లండు మనిషి. గాల్వే వైపు. దేశం విడిచి ఫ్రాన్సు సైన్యంలో చేరాడు."

వాడు ఫోను పెట్టేశాక, నేను ముందే చేయాల్సిన పని అప్పుడు చేశాను. చదివాను. చదివేకొద్దీ పరువు ఇంకా దిగింది. 1758లో మన దేశంలో దిగిన లాలీ, ఉత్తర సర్కారుల్ని పట్టి ఉంచిన ఫ్రెంచి సేనాని బుస్సీని దక్షిణాదికి రప్పించేశాడు. అదను చూసుకుని ఇంగ్లీషువాళ్ళ కల్నల్ ఫోర్డ్ బెంగాలు నుంచి ఓడల్లో విశాఖపట్నం వచ్చి, ఆ డిసెంబరులోనే పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళని చితగ్గొట్టాడు. మరుసటేడు మచిలీపట్నమూ పోయింది. అంటే ఈ తీరాన ఫ్రెంచివాళ్ళ కొంప ముంచినాయనకే నేను బంతిపూల దండ వేశానన్నమాట. పైగా ఆ ఫోర్డూ ఐర్లండు వాడే. 1760లో వందవాసి దగ్గర లాలీని ఓడించిన ఐర్ కూట్ కూడా ఐర్లండు వాడే. ఎవరెవరి జెండాల కిందో చేరి, మన చేలల్లో ఐర్లండు వాళ్ళే ఐర్లండు వాళ్ళని తరుముకున్నారు. చివరికి 1766లో ఫ్రాన్సే లాలీని ద్రోహి అని తల నరికించింది.

ఈ గోలంతా విని మా అమ్మ, బియ్యంలో రాళ్ళేరుతూ, "ఫ్రెంచోళ్ళ సంగతి మీ నాయనమ్మ ఉండగా అడగాల్సింది" అంది. నాయనమ్మది తాళ్ళరేవు, అంటే బ్రిటిషు గడ్డ. 1930లో శారదా చట్టం అమల్లోకొచ్చి, ఆడపిల్లకి 14 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేస్తే కేసన్నారు. ఆ చట్టం యానాం పొలిమేర దాటి రాలేదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు పసిపిల్లల్ని చంకనేసుకుని ఇక్కడికొచ్చి మూడు ముళ్ళూ వేయించుకుపోయేవారు. ఊరికి కల్యాణపురం అన్న పేరే పడింది. మా ముత్తాత పెళ్ళిపందిళ్ళు వేసేవాడట. అలా వచ్చిన ఒక సంబంధం ఆయన కొడుక్కే కుదిరింది.

"పెళ్ళినాటికి మా అత్తగారికి తొమ్మిదేళ్ళు. పీటల మీద నిద్రపోతే లేపి తాళి కట్టించారంట" అంది అమ్మ.

నీలం, తెలుపు, ఎరుపు సీరియలు లైట్లు పెట్టి ఊరంతటికీ నేను చూపించిన ఫ్రెంచి వారసత్వం మా ఇంటి వరకూ అదీ.

ఆగస్టు 16 మాకు సెలవు. 1954లోనే పాలన చేతులు మారినా, ఫ్రాన్సు కాగితాల మీద కూడా మమ్మల్ని వదిలింది 1962లో ఆ రోజునే. ఏటా ఆ రోజు నేను మధ్యాహ్నం దాకా పడుకుంటాను. పుదుచ్చేరి పతకాలు చూసి కళ్ళు చెమర్చుకున్నవాణ్ణి, మా ఊళ్ళో జెండా ఎగరేస్తుంటే ఒక్కసారీ లేచి వెళ్ళలేదు.

మేనల్లుడికి నేనే ఫోను చేసి, మార్చిలో తిట్టిన తిట్లు వెనక్కి తీసుకున్నానన్నాను. వాడు కోపమేం పెట్టుకోలేదు. "ఆ ఊరేగింపులు అసలు మొదలెట్టింది అమెరికా వలసపోయిన ఐరిషోళ్ళు మావయ్యా. డబ్లిన్‌కి తర్వాతొచ్చాయి. అక్కడికెళ్ళి నేనూ ఇక్కడివాణ్ణేనని ఎవరితోనూ అనను. పిల్లలు డప్పులు చూస్తారు, ఇంటికొచ్చి పులిహోర తింటాం" అన్నాడు.

నాకూ ఒక ఆకుపచ్చ చొక్కా పంపమన్నాను. పొట్ట దగ్గర వదులుండాలని మరీ మరీ చెప్పాను.