కవర్ కాక

మిరుదొడ్డిలో బస్సు ఆగే చోట, పొద్దున ఏడింటికి, చాయ్ హోటల్ ముందరే కూర్చుని చాయ్ తాగని మనిషి కనబడితే ఆయన కవర్ కాక. ఆ రోజు నెత్తురిచ్చే రోజన్నమాట. చేతిలో సిద్దిపేట బట్టల దుకాణం కవరు. దాని పైన పట్టుచీర కట్టిన అమ్మాయి నవ్వుతుంటుంది, లోపల కాక కాలేయం, కిడ్నీలు, థైరాయిడ్ తేదీలవారీగా మడతపెట్టి ఉంటాయి. ఆయనకు సొంత పేరొకటి లేకపోలేదు, కానీ అది రేషన్ కార్డుకే పరిమితం. ఇట్లాంటి కాక మీ ఊళ్లోనూ ఒకరుంటారు. కవరును బట్టి పోల్చుకోవచ్చు.

కాకకు జబ్బేమిటని మాత్రం అడగొద్దు. పదేళ్లుగా ఆయనా దాన్నే వెతుకుతున్నాడు.

పరీక్షలు రాయని డాక్టరు కాక లెక్కలో డాక్టరే కాదు. "చెయ్యి పట్టి చూసి నాలుగు గోలీలిచ్చిండు. గట్లయితే మా అవ్వ గూడ ఇస్తుండె" అంటాడు. రాసిన డాక్టరుతోనూ పేచీ తప్పదు. ఒకసారి రిపోర్టులన్నీ తిరగేసి "మీకేం లేదు, అంతా నార్మల్" అన్నాడొకాయన. కాక ముఖం సర్పంచి ఎలక్షన్ల డిపాజిట్ పోయినట్టయింది. "పొద్దుగాల్నుంచి పరగడుపున ఉన్నది ఏం లేదనిపించుకునేతందుకా సారూ?"

రిపోర్టు చేతికి రాగానే కాక కళ్లు లావు అక్షరాల కోసం, అంకె పక్కన చుక్క కోసం వెతుకుతాయి. ఒక్క చుక్కా లేకపోతే ల్యాబు వాళ్లు సరిగ్గా చూడలేదని అనుమానం. నిజానికి ఆ హద్దులు గీసే పద్ధతిలోనే చిన్న తిరకాసుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పరీక్ష చేసి, వందలో మధ్యనున్న 95 మంది అంకెలను హద్దుగా పెట్టుకుంటారు. మిగిలిన ఐదుగురూ ఏ రోగమూ లేకుండానే హద్దు దాటినవాళ్లు. అందుకని ఇరవై రకాల పరీక్షలు చేయించుకుంటే ఎంత గట్టి మనిషికైనా ఎక్కడో ఒక చుక్క పడటానికే ఎక్కువ ఆస్కారం. ఇదంతా డాక్టరు ఓపికగా వివరించాడు, భయపడొద్దని చెప్పడానికి. కాకకు ఎక్కింది వేరు. "అంటే, ఇరవై చేపిస్తే ఒక్కటన్నా దొరుకుతదన్నట్టు."

కవరులో అన్నిటికన్నా విలువైనది ఈసీజీ. అది పాడవుతుందేమోనని కాక ఒకరోజు జిరాక్స్ షాపుకు పట్టుకెళ్లి లామినేషన్ చేయించాడు. ఈసీజీ కాగితం వేడికి రంగు మారే రకం. గీతలు పడేదే వేడితో. మిషన్‌లో ఒక దిక్కు నుంచి గుండె పోయింది, ఇంకో దిక్కు నుంచి కారునలుపు రేకు వచ్చింది. షాపు పిల్లగాడు బిక్కచచ్చిపోయాడు. కాక మాత్రం దాన్ని పారేయలేదు. ఇప్పటికీ ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు దాన్నే తీసి బల్ల మీద పెడతాడు. "ఏందిది?" అని వాళ్లడిగితే, "నా గుండె సారూ" అంటాడు.

ఇంతవరకూ కాక సొంత వ్యవహారం. ఊరి వ్యవహారంగా మారింది తెలంగాణ డయాగ్నస్టిక్స్ వచ్చినంక. 2018లో హైదరాబాదులో మొదలుపెట్టి, 2021 జూన్‌లో 19 జిల్లాలకు పెంచారు. అందులో సిద్దిపేట ఒకటి. అప్పట్లో 57 రకాల పరీక్షలు ఉచితం, 2023లో 134 అన్నారు. పల్లె దవాఖానలో నెత్తురు తీస్తే అది బండెక్కి సిద్దిపేట పోతుంది, రిపోర్టు సెల్‌ఫోన్‌కు వస్తుంది. ఎవరి సెల్‌ఫోన్‌కు? అక్కడొచ్చింది చిక్కు. ముసలోళ్లకు ఫోను లేదు. కొడుకు నంబరు రాయిస్తే, మిరుదొడ్డిలో తీసిన నెత్తురు ఫలితం కూకట్‌పల్లిలో వాలుతుంది. ఆ కొడుకు డ్యూటీలో ఉంటాడు. దాంతో వరుసలో వెనక నిలబడ్డ కాక "నా నంబరు రాయుండ్రి మేడం" అనటం మొదలుపెట్టాడు. సగం వాడ షుగరూ బీపీల జాతకం ఇప్పుడు ఆయన జేబులో ఉంది.

తెలిసినదాన్ని కాక దాచుకోడు. బోరింగు కాడ పదిమందిలో కేకేస్తాడు. "వదినా, నీ మూడు నెలల షుగరు తొమ్మిదున్నదే! లగ్గంల లడ్డూలు తిన్నవా?" ఆమె రెండు రోజులుగా జొన్నరొట్టె తప్ప ముట్టలేదని ఒట్టేసింది. అప్పుడు కాక అరుగు మీద కూర్చోబెట్టి చెప్పిన తీరు చూడాలి. పరగడుపు షుగరు ఆనాటి చిల్లర బాకీ. మూడు నెలలది కోమటాయన ఖాతా పుస్తకం. ఎర్ర కణం దగ్గరదగ్గర నాలుగు నెలలు బతుకుతుంది, నువ్వు మింగిన ప్రతి లడ్డూనూ ఒంటికి రాసుకుని తిరుగుతుంది. తెల్లారి తానే వెంటబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయాడు కూడా. కాక చెప్పేదాంట్లో సగం తప్పేనని నా అభిప్రాయం. ఈ సగం మాత్రం ఒప్పు. పైగా బయట అరవై మంది వరుసలో ఉంటే, ఏ డాక్టరమ్మా లడ్డూ దాకా పోయి చెప్పలేదు.

మొన్న పండక్కి ఊరికి పోయినప్పుడు, ఊరకే ఉందామా అని నేనూ నెత్తురిచ్చాను. కాక పక్కనే నిలబడి, షుగరు సీసాకు బూడిదరంగు మూతే ఉందా లేదా అని సరిచూశాడు. సిస్టర్ ఫోన్ నంబరు అడిగితే నేను నోరు తెరిచేలోగా, "పట్నంల ఉంటడు, ఈనకు చదువ టైమేడున్నది, నాదే రాయుండ్రి" అనేశాడు. పెద్దమనిషి కదా అని ఊరుకున్నాను.

మర్నాడు బస్సు కోసం వచ్చి హోటల్లో చాయ్ చెప్పాను. నోట్లో పోసుకుంటే చప్పగా ఉంది. చక్కెర మరిచిపోయావయ్యా అంటే హోటలాయన జాలిగా చూశాడు. "నూట ఎనిమిదట గద సారూ." పరగడుపున వంద లోపుంటే మంచిది, 126 తగిలితే షుగరు. నాది గుమ్మంలో నిలబడి ఉందన్న సంగతి నాకింకా తెలియదు, బస్సు ఆగే చోట అందరికీ తెలుసు.

కాబట్టి మీరెప్పుడైనా నెత్తురిస్తే, ఫోన్ నంబరు మీదే చెప్పండి.