కర్రీ పాయింట్ పెట్టబోయే మొగుడికి

మీ ఆవిడ చేసిన గుత్తొంకాయ తిని చుట్టాలు "మీరు హోటల్ పెట్టొచ్చు కదండీ" అన్నారంటే ముహూర్తం వచ్చేసినట్టే. ఊరికే తిన్నవాళ్ళ మాటకు మించిన మార్కెట్ సర్వే లేదు. లెక్కలు వేస్తే ధైర్యం పోతుంది, వెయ్యకండి. హోటలంటే టేబుళ్ళు, సప్లయర్లు, అదో పెద్ద తతంగం. కర్రీ పాయింట్‌కి అవేవీ అక్కర్లేదు. అన్నం గిరాకీలే వండుకుంటారు. కూకట్‌పల్లిలోనో ఎస్సార్ నగర్‌లోనో బ్యాచిలర్ గదుల మధ్య ఒక షట్టర్ దొరికితే చాలు.

ముందు పనులు పంచుకోవాలి. వంట ఆమెది, వ్యాపారం మీది. వంట అంటే తెల్లారుజామున లేవడం, కూరలు తరగడం, పప్పు ఎనపడం, సాంబారు కాచడం, రోటి పచ్చడి నూరడం, మధ్యాహ్నం గిన్నెలు తోముకుని సాయంత్రానికి మళ్ళీ మొదలుపెట్టడం. వ్యాపారం అంటే గల్లా దగ్గర కూర్చోవడం. యూపీఐ స్పీకరు డబ్బులొచ్చాయని అరిచినప్పుడల్లా తల ఊపడం కూడా ఇందులోకే వస్తుంది.

కాగితాల దగ్గర మాత్రం ఆమెనే ముందు నిలబెట్టండి. 2015 నుంచి ముద్రా లోన్లు ఇస్తున్నారు. 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, ఆపైన తరుణ్. వ్యాపారాన్నీ పిల్లాడిలా పెంచమని కాబోలు ఆ పేర్లు. పెంచేది ఎటూ తల్లే కాబట్టి ప్రొప్రైటర్ ఆమె, సంతకం ఆమెది, వాయిదా ఆమెది. ఏడాదికి 100 రూపాయల ఫుడ్ రిజిస్ట్రేషన్, దాని 14 అంకెల నంబరు కూడా ఆమె పేరిటే. క్యూఆర్ కోడ్ ఒక్కటి మీ ఖాతాకు పెట్టుకోండి. ఇంత చిన్న విషయానికి ఆమెను శ్రమపెట్టడం ఎందుకు?

ఇంట్లో వాడే 14.2 కిలోల ఎర్ర సిలిండర్ కొట్లో వాడకూడదు. కొట్టుకు 19 కిలోల నీలం సిలిండర్ వేరే తీసుకోవాలి. సర్కారు సిలిండర్ల మధ్య గీసిన ఈ గీత మొగుడూపెళ్ళాల మధ్య గీయలేదు, మన అదృష్టం. అందుకని అన్ని ఖర్చులూ ఒకే నోటుబుక్కులో రాయండి. పిల్లాడి స్కూలు ఫీజు పక్కనే బస్తా ఉల్లిపాయలు ఉంటే నష్టం ఎక్కడొచ్చిందో ఎవరూ కనిపెట్టలేరు. ఆమెకు జీతం మాత్రం రాయొద్దు. నేనోసారి బుద్ధి తక్కువై, ఇంత పని చేసే వంటమనిషికి నెలకు ఎంతివ్వాలో వాకబు చేశాను. ఆ అంకె, ఆ నెల మా లాభం దాదాపు ఒకటే. ఆ పేజీ చించేశాను. మీరైతే వాకబే చేయకండి.

ప్యాకింగ్ మీ కళ. పలచటి కవర్లో సాంబారు పోసి, లోపల గాలి నిలిచేలా మూతి మెలేసి దారం చుట్టాలి. బుడగలా ఉబ్బిన కవరు చేతికిస్తే కూర చాలా ఉన్నట్టుంటుంది. (వేడి సాంబారుకు ప్లాస్టిక్ మంచిది కాదని, స్టీలు క్యారియర్ తెచ్చుకున్న వాళ్ళకు మా ఆవిడ ఓ గరిటె ఎక్కువ పోస్తుంది. మా నష్టాలకు కారణం ఆ గరిటేనని నా గట్టి నమ్మకం.)

గిరాకీల ముందు పోట్లాడుకోకండి, కొట్టు పరువు పోతుంది. మేం ఎప్పుడూ పోట్లాడుకోలేదు. ఒక గురువారం చారులో ఉప్పు లేదు, దొండకాయ వేపుడు నిండా కారం. శుక్రవారం పప్పు మాడింది. శనివారం ఓ కుర్రాడు కవరు అందుకుంటూ మెల్లగా అడిగాడు, "అంకుల్, ఆంటీ ఇంకా మాట్లాడట్లేదా?"

ఆ రాత్రి షట్టర్ దించాక, మిగిలిన దొండకాయే ఇద్దరం తింటుంటే మా ఆవిడ మూడు రోజుల తర్వాత నోరు విప్పింది.

"ఏవండీ, వ్యాపారం చాలా కష్టమని రోజూ అంటారు కదా. రేపట్నుంచి ఆ కష్టం నేను పడతాలెండి."

వంకాయలు తరిగిన వెంటనే ఉప్పునీళ్ళలో వేయండి, లేకపోతే నల్లబడతాయి. దొండకాయలు చక్రాల్లా కాకుండా నిలువుగా చీరితే వేపుడు బాగుంటుంది. ఉల్లిపాయలు మాత్రం ఎలా తరిగినా ఒకటే, ఏడుపు తప్పదు. క్యూఆర్ కోడ్ కూడా మార్చేసింది.