లేచి చూడండి

సోఫాల కొట్టుకి వెళ్లినవాళ్లంతా కూర్చుని చూస్తారు. లేచి చూసేవాళ్లు నాకింతవరకూ తగల్లేదు. కూర్చోవడంలో ఏముంది? భూమ్యాకర్షణ పనిచేస్తున్నంతకాలం ఎవరైనా, ఎందులోనైనా కూర్చోగలరు. అసలు విద్యంతా లేవడంలో ఉంది. ఈ రహస్యం కొట్టువాడికి తెలుసు. అందుకే "కూర్చోండి సార్, ఒక్కసారి ఫీలవండి" అంటాడే గానీ, "లేవండి సార్, లేచి ఫీలవండి" అని చచ్చినా అనడు. మనం ఆ మెత్తదనంలో నడుందాకా దిగబడి, ఏసీ గాలి మొహానికి తగులుతుంటే కళ్లు అరమోడ్చి "బాగుందోయ్" అంటాం. లేచేటప్పుడు సేల్స్ కుర్రాడు ఎంతో వినయంగా చెయ్యందిస్తాడు. బిల్లు కట్టాక సోఫా ఇంటికొస్తుంది గానీ ఆ చెయ్యి రాదు.

పైగా మన ఇళ్లలో లేవడమంటే ఒట్టి వ్యాయామం కాదు, మర్యాద. పెద్దవాళ్లు గుమ్మంలో అడుగుపెడితే లేచి నిలబడాలి. వియ్యంకుడొస్తే మరీనూ. "శుభలేఖ ఇవ్వడానికొస్తే ఆయన కూర్చున్నచోటి నుంచి కదల్లేదు" అన్న మాట ఒకసారి పుట్టిందంటే మనవల పెళ్లిళ్ల దాకా చావదు. ఆయన కదలకపోవడానికి కారణం పొగరు కాదు, 15 అంగుళాల ఎత్తున్న సోఫా అని ఎవరూ దర్యాప్తు చెయ్యరు. చుట్టరికాలు చెడటానికి కట్నాలూ పొలం గట్లూ కారణమంటారు. నన్నడిగితే అందులో ఫోము వాటా కూడా కొంత ఉంది.

మా పాత సోఫాకి కాలం చెల్లినప్పుడు హాల్లో ఏం వెయ్యాలన్న చర్చ మొదలైంది. మా ఆవిడకి ఎల్ ఆకారం సోఫా కావాలి. మా అబ్బాయికి రిక్లైనర్ కావాలి. కాలేజీలో చదివే మా అమ్మాయికి బీన్ బ్యాగ్ కావాలి. ఎనభయ్యో పడిలో ఉన్న మా నాన్నకి ఏమీ అక్కర్లేదు. "నాకెందుకురా, ఆ బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ చాల్లే" అన్నారు. ఏమీ అక్కర్లేదన్న మనిషి మాటే చివరికి ఇంట్లో నెగ్గుతుందని ఎరిగినవాణ్ణి కాబట్టి నేను అప్పుడే జాగ్రత్తపడ్డాను. "కూర్చోవడం సంగతి మీరు చూసుకోండి, లేవడం సంగతి నేను చూస్తాను" అని అందరికీ చెప్పేశాను.

పాతవాటితో మొదలుపెడదాం. పడక్కుర్చీలో ఓ గట్టి గుడ్డ, రెండు గుండ్రటి కర్రలు, పొడుగాటి చేతులు తప్ప ఇంకేమీ ఉండవు. అందులో పడుకున్న తాతగారు లేవడం పెద్ద తతంగం. ముందు కాళ్లు దింపాలి, ఆపైన చేతులు పట్టుకుని ముందుకు ఊగాలి, మూడో ఊపులో ఇష్టదైవాన్ని తలుచుకోవాలి. అయినా ఆయనకేం ఇబ్బంది లేదు, లేవాల్సిన పనే ఉండేది కాదు గనక. మజ్జిగా, పేపరూ, కౌలు డబ్బులూ, ఊళ్లో తగువులూ అన్నీ ఆ కుర్చీ దగ్గరికే నడిచొచ్చేవి. ఇప్పుడు అదే కుర్చీలో పడుకున్నవాడు కాలింగ్ బెల్లు మోగిన ప్రతిసారీ తనే లేచి పార్సిల్ అందుకోవాలి. హోదా పోయింది, వెనకే కుర్చీ కూడా పోయింది.

నులక మంచం సంగతీ చెప్పుకోవాలి. కుక్కి మంచం మధ్యలో పడ్డవాడు తనంతట తాను బయటపడటం కష్టమే. అందుకే మంచం వాల్చి దుప్పటి పరిచినా, వచ్చిన మనిషి తెలివిగా పట్టె మీదే కూర్చునేవాడు. గట్టిగా, మోకాలెత్తున ఉంటుంది, కింద కాళ్లు లోపలికి జరుపుకోవడానికి ఖాళీ ఉంటుంది. ఉయ్యాలబల్ల లేచేదాకా బాగానే ఉంటుంది. లేచిన మరుక్షణం వెనకనించి వచ్చి పిక్కల మీద ఒకటిచ్చుకుంటుంది.

ఇక చాపా, పీటా. నేల మీంచి ఏదీ ఆనించకుండా లేవడాన్ని బ్రెజిల్‌లో ఏకంగా వైద్య పరీక్షే చేశారు. క్లాడియో గిల్ అరౌజో అనే డాక్టరూ ఆయన సహచరులూ ఆ ఫలితాలు 2012లో ప్రచురించారు. కూర్చోవడానికి 5 మార్కులు, లేవడానికి 5. చెయ్యో మోకాలో ఆనించిన ప్రతిసారీ ఒక మార్కు కోత, తూలితే అర మార్కు. 51 నుంచి 80 ఏళ్ల వయసున్న రెండు వేల మందికి పరీక్ష పెట్టి చూస్తే, బాగా తక్కువ మార్కులొచ్చినవాళ్లలో తరవాతి సంవత్సరాల్లో మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఇది చదివి వినిపించగానే మా ఇంట్లో అందరూ హాల్లో కింద కూర్చుని లేచారు. అమ్మాయికి పదికి పది. అబ్బాయి ఫోను చూసుకుంటూ లేచి, తూలి, అర మార్కు పోగొట్టుకున్నాడు. నాకెన్నొచ్చాయన్నది ఇక్కడ అప్రస్తుతం. సత్యనారాయణ వ్రతంలో దంపతులు పీటల మీంచి లేచేటప్పుడు పురోహితుడు కాసేపు గోడకేసి చూస్తారెందుకో మాత్రం నాకు ఆ రోజే అర్థమైంది.

తరవాత కొట్ల మీద పడ్డాం. అమ్మాయి నన్ను నేరుగా బీన్ బ్యాగ్ దగ్గరికి లాక్కెళ్లింది. ఇది 1968లో ఇటలీలో పుట్టింది. గాట్టి, పావొలీని, తెయొదోరో అనే ముగ్గురు కలిసి 'సాక్కో' పేరుతో దీన్ని తయారుచేశారు. సంచీలో థర్మోకోల్ గింజలు, అంతే. కూర్చోబెట్టడానికి ముగ్గురు కావలసొచ్చారు సరే, లేపడానికి ఎంతమంది కావాలో వాళ్లు చెప్పలేదు. న్యూయార్క్‌లో ఆధునిక కళల మ్యూజియం వాళ్ల సేకరణలో కూడా ఇదుంది. మ్యూజియంలో ఎవర్నీ కూర్చోనివ్వరు కాబట్టి వాళ్లకి బాధ లేదు. నేను కూర్చున్నాను. లేవబోయి చెయ్యి ఆనిస్తే చెయ్యి లోపలికి పోయింది. కాలు తన్నిపెడితే సంచీ కూడా నాతోపాటే జరిగింది. ఆఖరికి పక్కకి దొర్లి, మోకాళ్ల మీద పాకి, ఎదురుగా ఉన్న అద్దాల బీరువా పట్టుకుని నిలబడ్డాను. "సూపర్ నాన్నా" అంది మా అమ్మాయి, వీడియో తీస్తూ.

రిక్లైనర్‌ది అమెరికా. 1928లో మిషిగన్ రాష్ట్రం మన్రో అనే ఊళ్లో ఎడ్వర్డ్ నబుష్, ఎడ్విన్ షూమేకర్ అనే ఇద్దరు కజిన్లు, వరండాలో వేసుకోవడానికని చెక్క పట్టీలతో వెనక్కి వాలే కుర్చీ చేశారు. లేజీబాయ్ అన్న కంపెనీ అలా మొదలైంది. ఇప్పుడొచ్చేవాటికి మోటారుంది. మీట నొక్కితే వీపు వెనక్కి, కాళ్లు పైకి పోతాయి. "కరెంటు పోతే?" అనడిగాను. "బ్యాటరీ బ్యాకప్ సెపరేట్ సార్" అన్నాడు కుర్రాడు. కాళ్లు పైకెత్తి ఉండగా కరెంటు పోవడం, సరిగ్గా అప్పుడే వియ్యంకుడు లోపలికి రావడం, నా రెండు అరికాళ్లూ ఆయన మొహానికి ఎదురుగా ఉండటం నా కళ్లముందు మెదిలాయి. కూర్చున్న మనిషిని ముందుకు వంచి తనే నిలబెట్టే రకం కూడా ఒకటుందన్నాడు. ఇది నాన్నకి భేషుగ్గా ఉంటుందనుకుని ఫోన్ చేసి చెప్పాను. "ఇంట్లోంచి నెట్టేసే కుర్చీ ఎందుకురా, వెళ్లమని నోటితో చెబితే వెళ్లనూ?" అన్నారు.

ఎల్ సోఫా చూడ్డానికి దర్జాగా ఉంటుంది. చిక్కంతా మూలలో ఉంది. మూల సీట్లోవాడు లేవాలంటే అటువాళ్లు, ఇటువాళ్లు కూడా లేవాలి, టీపాయి జరగాలి. పొడుగు భాగం కుడివైపు కావాలో ఎడమవైపు కావాలో ముందే చెప్పి చేయించుకోవాలి. ఇల్లు మారితే అది సరిగ్గా బాల్కనీ తలుపుకి అడ్డం పడుతుంది. కొనేముందు లిఫ్టు కూడా కొలుచుకోవడం మంచిది, ఆరో అంతస్తుదాకా మెట్ల మీద సోఫా మోసిన మనుషులు మనల్ని చూసే చూపు మామూలుగా ఉండదు. "మూలలో ఎవరూ కూర్చోరులెండి, కుషన్లు పెడదాం" అంది మా ఆవిడ. అంటే మనుషులకని డబ్బిచ్చి దిండ్లని కూర్చోబెడతామన్నమాట.

సోఫా కమ్ బెడ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రాత్రి వచ్చిన చుట్టం పొద్దున్న తొమ్మిదైనా లేవకపోతే ఇంటిల్లిపాదీ నిలబడే టిఫిన్ చెయ్యాలి. దివాన్ ఎత్తు బాగానే ఉంటుంది గానీ, మధ్యాహ్నం రెండింటికి దాని మీద పేపరు తెరిచినవాడు రెండో పేజీకి వెళ్లిన దాఖలాలు లేవు. రెక్సిన్ సోఫా మే నెలలో మనిషిని వదలదు. లేస్తుంటే పిక్కల దగ్గర చర్రుమంటుంది, సగం చర్మం దానికే ఇచ్చి రావాలి.

ఇవన్నీ చూశాక ఒక్క నిజం మిగిలింది. లేవడంలో ప్లాస్టిక్ కుర్చీకి పోటీ లేదు. ఫ్రాన్సులో ఆంరీ మాసొనే అనే ఆయన 1972లో ఒకే అచ్చులో పోసి ఇలాంటి కుర్చీ తెచ్చాడు. ఆ వంశమే ఇప్పుడు మన పెళ్లిళ్లలోనూ, పార్టీ మీటింగుల్లోనూ, పెద్దకర్మల్లోనూ వరసగా కనిపిస్తుంది. కాస్త ఒళ్లున్నవాళ్లు లేస్తే అది కూడా వాళ్లతోపాటే లేస్తుంది. ఇంతకు మించిన మర్యాద ఏ సోఫాకుంది?

ఇందులో మాయేమీ లేదు. మనిషి లేవాలంటే పాదాలు మోకాళ్లకంటే కాస్త వెనక్కి జరగాలి, ఒళ్లు ముందుకు వంగాలి. సీటు ఎంత కిందికుంటే మోకాళ్ల మీద అంత భారం. పెద్దవాళ్ల కాళ్లలో సత్తువ చూడ్డానికి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటారో లెక్కపెట్టే పరీక్ష ఒకటుంది. దానికి వాడే కుర్చీ ఎత్తు 17 అంగుళాలు. మన సోఫాల్లో చాలావాటికి అంత ఉండదు. పైగా నేలదాకా మూసేసి ఉంటాయి, కాళ్లు వెనక్కి జరపడానికి చోటుండదు. లోతు 20, 22 అంగుళాలు దాటితే వీపు ఆనించిన పొట్టివాళ్ల పాదాలు గాల్లో ఉంటాయి. ఫోము దగ్గర 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అంటారు. ఘనపు మీటరు ఫోము అన్ని కిలోలు తూగుతుందని దానర్థం. అంకె తగ్గేకొద్దీ త్వరగా అణిగిపోతుంది. కూర్చోకముందు ఎత్తెంతో కొట్టువాడు చెబుతాడు, కూర్చున్నాక ఎంతో మోకాళ్లు చెబుతాయి.

అందుకని కొట్లకి నమస్కారం పెట్టి మా పేటలో వడ్రంగి మేస్త్రిని పిలిచాను. ఆయన బొమ్మల పుస్తకం తెరవలేదు, రేటు మాట్లాడలేదు. "ఇంట్లో లేవలేని మనిషెవరు సార్?" అన్నాడు. నాన్నని చూపించాను. ఓ పొట్టి బల్ల మీద నాన్నని కూర్చోబెట్టి, "చేతులు కట్టుకుని లేవండి తాతగారూ" అన్నాడు. లేవలేకపోయారు. బల్ల మీద ఒక ప్లైవుడ్ ముక్క వేశాడు. మళ్లీ కూర్చోమన్నాడు. ఇంకో ముక్క. మరో ముక్క. ఒక ముక్క పడేసరికి నాన్న చటుక్కున లేచి నిలబడి, తనే ఆశ్చర్యపోయి, పంచె సర్దుకున్నారు. మేస్త్రి చెవి మీది పెన్సిలు తీసి టేపు పెట్టాడు. "పదిహేడున్నర. ఫోము ఒకటిన్నర దిగుద్ది. పందొమ్మిది పెడతా" అన్నాడు. నేను చదివిన శాస్త్రమంతా ఆయన దగ్గర ప్లైవుడ్ ముక్కల రూపంలో ఉంది.

టేకు ఫ్రేము, పట్టుకోవడానికి గట్టి చేతులు, కింద ఆరంగుళాల ఖాళీ, 40 డెన్సిటీ ఫోము. మూడు సీట్లది ఒకటి, ఒంటి సీట్లవి రెండు వచ్చాయి. మా ఆవిడ కోసం పక్కనే అడ్డంగా ఒక దివాన్ వేయించాను. గుమ్మంలోంచి కళ్లు చికిలించి చూస్తే ఎల్ అనే అనుకోవాలి. అబ్బాయికి కాళ్లు పెట్టుకోవడానికి ఒక స్టూలు ఇచ్చి, ఇదే రిక్లైనర్ అనుకోమన్నాను. అమ్మాయికి వీడియో మిగిలింది.

మొన్న మా బావగారూ అక్కా వచ్చారు. వాళ్లు లోపలికి రాగానే అందరికంటే ముందు లేచింది మా నాన్న. "మోకాళ్లకి ఆపరేషన్ చేయించారా మామయ్యగారూ?" అన్నాడు బావ. కాఫీలయ్యాక బావ కూడా "మరి వెళ్లొస్తాం" అంటూ ఏదీ పట్టుకోకుండా చెంగున లేచాడు. నా ఎంపికకి ఇంతకంటే యోగ్యతాపత్రం ఏం కావాలి అనుకున్నాను.

లేచాడు గానీ వెళ్లలేదు. తలుపు సగం తీసి, ఒక కాలు చెప్పులో పెట్టి, "అన్నట్టు ఆ స్థలం రిజిస్ట్రేషన్ సంగతి" అంటూ అప్పుడు మొదలెట్టాడు. అక్కయ్య లిఫ్టు బటన్ నొక్కి, వాళ్లమ్మాయికి వచ్చిన సంబంధం గురించి మా ఆవిడకి మొదట్నించీ చెప్పడం మొదలెట్టింది. లిఫ్టు వచ్చింది, వెళ్లింది, మళ్లీ వచ్చింది. సోఫాలో కూర్చున్నంతసేపూ ఎండలూ ట్రాఫిక్కూ తప్ప మాట్లాడనివాళ్లు గుమ్మంలో నిలబడి పదేళ్ల చరిత్ర తవ్వారు. నాన్న ద్వారబంధానికి ఆనుకుని, ఒక కాలి మీది భారం ఇంకో కాలి మీదికి మారుస్తూ అంతా విన్నారు.

వాళ్లు వెళ్లాక "ఒరేయ్, ఆ గుమ్మం దగ్గర కూడా ఏదో ఒకటి వేయించరా" అన్నారు. మేస్త్రికి ఫోన్ చేస్తే కొలతలడిగాడు. ఎత్తు పదిహేడున్నరే ఉండాలని నాన్న పట్టు. ఎత్తు ఎంతైనా పరవాలేదు గానీ వెడల్పు మాత్రం మూడంగుళాలు దాటడానికి వీల్లేదంటోంది మా ఆవిడ.