బోడి మల్లయ్యకు రోజుకు ఆరు క్రోనర్లు

గుప్తదానం గురించి మన పెద్దలు చెప్పింది ఒక్కటే: ఇచ్చిందెవరో పుచ్చుకున్నవాడికి తెలియకూడదు. 1940లో లండన్‌లో తలదాచుకున్న నార్వే ప్రభుత్వం ఈ ధర్మాన్ని ఇంకాస్త సానబెట్టింది. ఇచ్చేవాడికే తాను ఇస్తున్న సంగతి సరిగ్గా తెలియకపోతే పుణ్యం రెట్టింపు కదా! అలా దాదాపు ముప్పై వేల మంది ఓడ కూలీల చేత, వాళ్ల జీతంలోంచే, తరతరాలు చెప్పుకునే దానం చేయించింది. తర్వాత జనం నోట దానికి పడ్డ పేరు ‘నార్ట్రాషిప్ రహస్య నిధి’. రహస్యమని పేరులోనే చెప్పుకున్న రహస్యం లోకంలో ఇదొక్కటే కాబోలు.

1940 ఏప్రిల్ 9న హిట్లర్ సైన్యం నార్వేలో దిగింది. ఆ దేశం చిన్నదే, కానీ దాని ఓడలు చిన్నవి కావు. వాణిజ్య నౌకల్లో ప్రపంచంలో నాలుగో స్థానం దానిది. ఆ రోజున దాదాపు వెయ్యి ఓడలు జర్మన్ల చేతికి అందకుండా ప్రపంచమంతా చెదిరి ఉన్నాయి. దేశద్రోహానికే మారుపేరైపోయిన క్విస్లింగ్ రేడియోలో కూర్చుని, ఓడలన్నీ తిరిగి రావాలని ఆజ్ఞాపించాడు. సముద్రం మీదున్న కెప్టెన్లు ఆ మాట చెవిన పెట్టలేదు. నార్వే ప్రభుత్వం ఆ ఓడలన్నిటినీ ఒక్క ఉత్తర్వుతో స్వాధీనం చేసుకుని, లండన్ లెడెన్‌హాల్ వీధిలో బోర్డు కట్టింది. అదే నార్ట్రాషిప్. పుట్టీ పుట్టగానే ప్రపంచంలోకెల్లా పెద్ద నౌకా సంస్థ.

ఇప్పుడు లండన్ చేరిన ఆ ప్రభుత్వ సంసారం చూడండి. కాలు పెట్టడానికి సొంత నేల లేదు. పన్ను కట్టే పౌరుడు లేడు. రాజుగారున్నారు, మంత్రులున్నారు, దస్త్రాలున్నాయి, మధ్యాహ్నం టీ ఉంది. వీటన్నిటికీ డబ్బు ఓడల బాడుగ నుంచి రావాలి. అంటే నడిసముద్రంలో కొలిమి ముందు చెమటోడ్చే కుర్రాడు ఎత్తిన ప్రతి పార బొగ్గూ లండన్‌లో ఒక సంతకానికి సిరా పోసింది.

అంతా సవ్యంగా సాగుతుండగా ఒక చిక్కు వచ్చిపడింది. నార్వే నావికుడికి వచ్చే యుద్ధ ప్రమాద భత్యం బ్రిటిష్ నావికుడి కంటే ఎక్కువ. పక్కింటివాళ్లు వంటమనిషికి జీతం ఎక్కువిస్తుంటే మన వంటమనిషి ఊరుకుంటుందా? ‘మాకూ అంతే ఇవ్వండి’ అని బ్రిటిష్ నావికులు అడిగితే ఏం చెప్పాలని అక్కడి దొరలకు నిద్ర కరువైంది. చావు ఇద్దరికీ ఒకే రేటున దొరుకుతోంది గనక భత్యం కూడా ఒకే రేటున ఉండాలని వాళ్లు తేల్చారు. ఆ రేటు తక్కువదై ఉండాలని కూడా వాళ్లే తేల్చారు.

పెద్దలంతా కూర్చున్నారు. నావికుల సంఘం నాయకులూ కూర్చున్నారు, వాళ్లు లేకుండా ఇలాంటి పుణ్యకార్యాలు జరగవు. నావికుడి భత్యం కోసేయాలి. కోసిన తేడాను పక్కన ఒక నిధిలో వేయాలి. యుద్ధం ముగిశాక ఆ డబ్బు నావికుల మేలుకే. ఈ మాట మాత్రం బ్రిటిష్ నావికుల చెవిన పడకూడదు. పడకూడదంటే గట్టిగా చెప్పకూడదు. గట్టిగా చెప్పకపోవడం వల్ల, ఎవరి డబ్బో వాళ్లకీ సగమే వినబడింది. ‘లడాయి అయ్యాక ఇస్తారంట్రా’ అనే గుసగుస ఓడ నుంచి ఓడకు పాకింది. ఆ గుసగుస మీదే వాళ్లు ఐదేళ్లు సముద్రం దాటారు.

ఎలా దాటారో ఒక్క ప్రయాణం చూద్దాం. 1940 అక్టోబర్ 5న కెనడాలోని కేప్ బ్రెటన్ సిడ్నీ రేవు నుంచి ఎస్‌సి 7 అనే కాన్వాయ్ బయల్దేరింది. ఎస్‌సి కాన్వాయ్‌లంటే నిదానం బండ్లు. గంటకు ఏడు నాటికల్ మైళ్లు వాటి లెక్క, మన ఎడ్లబండి కంటే కాస్త నయం. ఆ 35 ఓడల్లో స్నేఫ్యెల్ అనే నార్వే స్టీమర్ ఒకటి. 1901లో పుట్టిన ముసలిది, పదహారు వందల టన్నుల పైచిలుకు, నిండా కలప. అట్లాంటిక్‌లో దారి పొడవునా వీటన్నిటికీ కాపలా స్కార్‌బరో అనే ఒకే ఒక్క చిన్న యుద్ధనౌక. అవతలి ఒడ్డు దగ్గర పడ్డాకే మరికొన్ని వచ్చి చేరాయి. గొర్రెల మందకు ఒక్క కుక్కను పంపి, తోడేళ్లున్న అడవి దాటి రమ్మన్నట్టుంది ఏర్పాటు.

స్టీమర్‌లో బతుకు వేరు. బొగ్గు వేసేవాళ్లు పనిచేసేది నీటిమట్టానికి దిగువన. టార్పిడో తగిలేదీ అక్కడే. మంట తగ్గితే ఓడ వెనకబడుతుంది. వెనకబడ్డ ఓడ కోసం జలాంతర్గామి కాచుకునే ఉంటుంది. మంట పెంచితే నల్లటి పొగ లేస్తుంది. పొగ మైళ్ల దూరం కనిపిస్తుంది, వెంటనే కాన్వాయ్‌ను నడిపించే కమోడోర్ ఓడ నుంచి ‘పొగ తగ్గించు’ అని జెండాలు ఎగురుతాయి. నాసిరకం బొగ్గిచ్చి, పాతకాలం కొలిమిచ్చి, వేగం తగ్గకూడదు, పొగ రాకూడదు అని చెప్పడం ఎలాంటిదో ఉద్యోగం చేసిన ప్రతివాడికీ తెలుసు. ఆ పని చెడితే జీతం కోసేవాడు ఒకడు, పీక కోసేవాడు ఇంకొకడు.

అక్టోబర్ 18-19 రాత్రి తోడేళ్లు మంద మీద పడ్డాయి. ఆ ప్రయాణంలో మొత్తం 20 ఓడలు మునిగాయి. స్నేఫ్యెల్‌ను ముంచింది క్రెట్ష్‌మర్ అనే జర్మన్ కెప్టెన్ నడిపిన యు-99 జలాంతర్గామి. అందులో ఉన్న 21 మందీ ప్రాణాలతో బయటపడ్డారు, కొన్ని రోజుల తర్వాత క్లెమాటిస్ అనే బ్రిటిష్ యుద్ధనౌక వాళ్లను తీసుకెళ్లింది. వాళ్ల అదృష్టం కలప రూపంలో ఉంది, అది తేలుతుంది. ఇనుప ఖనిజం అలా కాదు, ఓడను రాయిలా లాక్కుపోతుంది. అందుకే నావికుల్లో నిద్రకూ ఒక శాస్త్రం ఉండేది. ఖనిజం మోసే ఓడలో లైఫ్‌జాకెట్ తొడుక్కుని డెక్ మీదే పడుకోవాలి. మామూలు సరుకైతే బట్టలు విప్పకుండా లోపల పడుకోవచ్చు. విమానాల పెట్రోలు మోసే ట్యాంకర్‌లోనైతే హాయిగా బట్టలు మార్చుకుని, తలుపేసుకుని నిద్రపోవచ్చు. దెబ్బ తగిలితే లేవాల్సిన శ్రమ ఉండదు. బ్రిటన్‌కు చేరిన చమురులో పెద్ద వాటా నార్వే ట్యాంకర్లదే. అంటే ఎంతమంది అంత హాయిగా నిద్రపోయారో లెక్కేసుకోండి.

ఇదంతా మనకెందుకు, ఎక్కడో అట్లాంటిక్ గొడవ అనుకోకండి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాన్ బాంబులు పడ్డాయని మన తాతలు చెప్పేవాళ్లు. అదే రోజు మన బంగాళాఖాతంలో జపాన్ నౌకలు ముంచిన ఓడల్లో డాగ్‌ఫ్రెడ్, ఎల్సా, హెర్మోద్ అనే మూడు నార్వే ఓడలున్నాయి. ఆ గుసగుస మన రేవుల దాకా వచ్చి మునిగింది.

యుద్ధం ముగిసేసరికి ఆ వెయ్యి ఓడల్లో దాదాపు సగం సముద్రం అడుగున ఉన్నాయి. నావికులు మూడు వేల మందికి పైగా తిరిగి రాలేదు. 1945 మే నెలలో ఓస్లో వీధుల్లో జెండాలు ఎగిరాయి, బ్యాండు మోగింది, రాజుగారు జూన్‌లో యుద్ధనౌక దిగారు. ఓడ కూలీల్లో చాలామంది ఆ వేడుక చూడలేదు. జపాన్‌తో యుద్ధం ఇంకా మిగిలి ఉంది, సరుకు ఇంకా మిగిలి ఉంది, కొలిమి ఇంకా మండుతూనే ఉంది. వాళ్లు ఇంటికొచ్చేసరికి తోరణాలు ఎండిపోయాయి, వీరుల కుర్చీల్లో వేరేవాళ్లు సర్దుకుని కూర్చున్నారు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని మనం సామెత కట్టింది ఒక్క మల్లయ్యను చూసి. నార్వే ఒకేసారి పాతిక వేలకు పైగా మల్లయ్యలను తయారుచేసింది. అయినా మన సామెతలో మల్లయ్యకు బిరుదు మాత్రమే పోయింది. నార్వేలో జీతం కూడా పోయింది.

మునిగిన ఓడల యజమానులకు పరిహారం ముట్టింది. ఓడ మునిగితే ఇనుముకు ఖరీదు కట్టొచ్చు గనక లెక్క సులువుగా తేలింది. కొద్ది ఏళ్లకే నార్వే వాణిజ్య నౌకలు యుద్ధానికి ముందున్నంతకు చేరుకున్నాయి. నావికుడు మాత్రం ‘నా భత్యంలో కోసిన డబ్బు’ అనగానే ప్రభుత్వానికి మహా వేదాంతం పుట్టుకొచ్చింది. ఆ నిధిలో అప్పటికి నాలుగు కోట్ల క్రోనర్లకు పైమాటే. అది ఎవరిది? అందరిదీ. అందరిదీ అంటే? ఏ ఒక్కరిదీ కాదు. మరి ఎవరికిస్తారు? అవసరం ఉన్నవాళ్లకు, వితంతువులకు.

అంటే సొంత జీతం చేతికి రావాలంటే ముందు బీదరికం రుజువు చేసుకోవాలన్నమాట. ఆ గుమాస్తా బల్ల దగ్గర మాట ఎలా సాగి ఉంటుందో ఊహించుకోవడం కష్టమేమీ కాదు.

‘ఏం కావాలండీ?’

‘నా డబ్బు కావాలి బాబూ. ఐదేళ్లు సముద్రం మీదున్నాను.’

‘సంతోషం. జబ్బేమైనా ఉందా?’

‘రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఇంజిన్ ఆగినట్టు అనిపించి లేచి కూర్చుంటాను.’

‘దానికి గడి లేదండీ. చేయో కాలో పోయిందా?’

‘లేదు.’

‘అయ్యో. పోనీ, తమరు చచ్చిపోయారా? వితంతువులకైతే తప్పకుండా ఇస్తాం.’

ఆ నిద్ర లేమి నిజమైన జబ్బేనని, దానికి యుద్ధమే కారణమని ఒప్పుకోవడానికి అరవైల దాకా పట్టింది. అప్పటిదాకా దానికి ఊళ్లో ఒకటే పేరు, తాగుబోతుతనం.

మొండి మల్లయ్యలు కోర్టుకెక్కారు. ఐదేళ్లు జలాంతర్గాములను తప్పించుకున్నవాళ్లకు ప్లీడర్లంటే భయమేముంటుంది? కానీ టార్పిడో నీళ్లలో గీత గీస్తూ వస్తుంది, కనీసం కనిపిస్తుంది. 1954లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది: ఆ డబ్బు మీద ఒక్కొక్క నావికుడికి విడిగా హక్కు లేదు. చట్టం అక్షరాలా నిలిచింది. ఓడలు మునిగినా మునగనివి కొన్ని ఉంటాయని నావికులకు అప్పుడే తెలిసింది.

మరో పద్దెనిమిదేళ్లు గడిచాయి. చావాల్సినవాళ్లు కొందరు చచ్చారు, లెక్క కొంత తేలికైంది. 1972లో నార్వే పార్లమెంటుకు జాలి కలిగింది. సముద్రం మీద గడిపిన ప్రతి నెలకూ 180 క్రోనర్ల చొప్పున ఇవ్వాలని నిర్ణయించింది. ఇది బాకీ కాదు, దయతో ఇస్తున్నదని కాగితం మీద జాగ్రత్తగా రాసుకుంది. బాకీ అంటే వడ్డీ అడుగుతారు, దయకు వడ్డీ లేదు కదా.

నెలకు 180 అంటే రోజుకు ఆరు. ఒక పగలు, ఒక రాత్రి, మూడు పూటల భయం, నీటిమట్టానికి దిగువన నాలుగేసి గంటల చొప్పున రెండు షిఫ్టులు, అన్నిటికీ కలిపి ఆరు క్రోనర్లు. అరవై నెలలు, అంటే ఐదేళ్లూ సముద్రం మీదే ఉన్నవాడికి 10,800. అది కూడా 1940 నాటి కష్టానికి 1972 నాటి నోట్లలో. మధ్యలో ధరలు ఎంత పెరిగాయో ఏ నావికుడి భార్యనడిగినా చెప్పేది. సముద్రం కంటే సంతే ఎక్కువ మింగింది.

2013లో రక్షణ మంత్రి అన్నె-గ్రెటె స్ట్రోమ్-ఎరిక్‌సెన్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. నిజాయితీగానే చెప్పారు, ఆ మాట అనడానికీ ధైర్యం కావాలి. కానీ యుద్ధం ముగిసి అప్పటికి 68 ఏళ్లు. ఇరవై ఏళ్ల కుర్రాడిగా ఇల్లు చేరినవాడికి 88. క్షమాపణ వినాలంటే ముందు చెవులు పనిచేయాలి. 2022లో ఈ నావికుల మీద ‘క్రిగ్స్‌సైలరెన్’ అనే పెద్ద సినిమా కూడా వచ్చింది. ఆ దేశంలో అత్యంత ఖరీదైన సినిమాల్లో అదొకటి. మంటలు, పేలుళ్లు, మునిగే ఓడలు అన్నీ బాగా తీశారు. ఆ మంటలు వేసినవాళ్లకు రోజుకు ఆరు క్రోనర్లిచ్చి ఉంటారని నేననుకోను.

ఈ కథలో విలన్ లేడు, అదే దీని అందం. మంత్రులు మంచివాళ్లు, సంఘం నాయకులు నిజంగానే నావికుల మేలు కోరారు, న్యాయమూర్తులు చట్టం చదివారు, గుమాస్తా గడులు నింపాడు. అందరూ సక్రమంగా పనిచేస్తేనే ఇంత పెద్ద అన్యాయం ఇంత చక్కగా జరుగుతుంది. వాళ్లందరికీ కావలసినదల్లా ఒక్క మాట, దాని పేరు ‘వీరుడు’. కూలి మనిషికి కూలి ఇవ్వాలి, నావికుడికి జీతం ఇవ్వాలి. వీరుడికి చప్పట్లు చాలు. కూలివాణ్ని వీరుణ్ని చేసిన మరుక్షణం అతని బాకీ మన పద్దులోంచి చరిత్ర పద్దులోకి మారిపోతుంది, చరిత్ర ఎవరికీ చెల్లించినట్టు ఇంతవరకు దాఖలా లేదు.

ఏర్లు ఇంకా ఉన్నాయి, దాటాల్సినవాళ్లూ ఉన్నారు. మహమ్మారి వచ్చిన రోజున మల్లయ్య కావాలి, వరదొచ్చిన రోజున కావాలి, మ్యాన్‌హోల్లో దిగాల్సిన రోజున కావాలి. అప్పుడు పైనుంచి పూలు చల్లుతారు, కింద నుంచి చప్పట్లు కొడతారు. అందుకే నావల్ల కాగల సలహా ఒక్కటే. మిమ్మల్ని ఎవరైనా వీరుడని పిలిస్తే, మర్యాదగా నమస్కారం పెట్టి, వెంటనే జేబు తడుముకోండి.